ఆరో సీతాకోకచిలుక

మన దగ్గర పెన్సిల్ బొమ్మకు దొరికే మాటలు రెండే. "మంచిగొచ్చింది" అనేది ఒకటి, "పోలికలు రాలే" అనేది రెండోది. గద్వాలలో డిగ్రీ చదివే అమ్మాయి నానమ్మ ఫోటో చూసి గీసినా, వనపర్తి కుర్రాడు అభిమాన నటుడి ముఖం రాత్రుళ్లు కూర్చుని గీసినా, నాగర్‌కర్నూల్‌లో రిటైరైన టీచరు ఇన్నేళ్లకు మళ్లీ పెన్సిల్ పట్టినా ఈ రెంటిలో ఏదో ఒకటే వింటారు. మొదటిది వింటే సంతోషం, రెండోది వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ ఏది విన్నా ఆ చేతికి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. నుదురు తగ్గిందా, కళ్లు పైకి పోయాయా, చెంప మీది నీడను వేలితో రుద్దడం వల్ల ముఖమంతా మసకబారిందా అని విడమరిచి చెప్పేవాళ్లు దొరకరు.

అనేవాళ్లలో దురుద్దేశం ఉండదు. బొమ్మ పట్టుకొచ్చిన బిడ్డను నొప్పించడమెందుకని కొందరు మెచ్చుకుంటారు. ఎక్కువ పొగిడితే అక్కడే ఆగిపోతాడని ఇంకొందరు పెదవి విరుస్తారు. ఇద్దరూ మేలు కోరేవాళ్లే. లోటల్లా పద్ధతిలో ఉంది. సరైన పద్ధతి ఎట్లా ఉంటుందో ఎక్కడో దూరాన, ఆరేడేళ్ల పిల్లలు చేసి చూపించారు.

అమెరికాలో ఐడహో అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని బాయిసీలో ఆన్సర్ అనే చార్టర్ స్కూలు. అక్కడ ఒకటో తరగతిలో ఆస్టిన్ అనే పిల్లవాడికి ఒక సీతాకోకచిలుకను గీసే పని పడింది. ఏదో ఒక సీతాకోకచిలుక కాదు, టైగర్ స్వాలోటెయిల్ అనే జాతిది. పసుపు రెక్కల మీద నల్ల చారలు, కింది రెక్కల కొసన సన్నటి తోకలు ఉంటాయి దానికి. ఎదురుగా దాని ఫోటో ఉంది. చూసి, శాస్త్రవేత్త గీసినట్టు గీయాలి. ఆస్టిన్ మొదటి ప్రతి ఆ వయసు పిల్లలు ఎక్కడైనా గీసేలాంటిదే. గుండ్రటి రెక్కలు, మధ్యలో ఒళ్లు. ఫోటోను ఒకసారి చూసి, తర్వాత మనసులో ఉన్న సీతాకోకచిలుకను దించేశాడు. పెద్దలం మనమూ చేసే పని ఇదే. ముక్కు గీయమంటే ఎదుటి మనిషి ముక్కును కాకుండా మనకు అలవాటైన ముక్కును గీస్తాం.

మన దగ్గరైతే కథ అక్కడితో అయిపోయేది. టీచరు "గుడ్" అని రాసి సంతకం పెట్టేది. బాయిసీలో మాత్రం తోటి పిల్లలు ఆ బొమ్మనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ముందు ఆకారం గురించి మాత్రమే మాట్లాడాలని నియమం. రెక్క ఇక్కడ గుండ్రంగా ఉంది, ఫోటోలో కోణంగా ఉంది. ఇక్కడ ఒకటే రెక్క కనబడుతోంది, అక్కడ పై రెక్క వేరు, కింది రెక్క వేరు. తోకలు ఏవీ? ఆస్టిన్ కొత్త కాగితం తీసుకుని మళ్లీ గీశాడు, మళ్లీ చూశారు, మళ్లీ గీశాడు. ఆకారం కుదిరాకే చారల మాట ఎత్తారు. ఆరో ప్రతి వచ్చేసరికి అది కీటకాల పుస్తకంలో అచ్చువేయదగ్గ బొమ్మ అయింది. మొదటి దానినీ ఆరో దానినీ పక్కన పెడితే ఒకే చేతివని నమ్మడం కష్టం. ఈ మధ్యలో ఆ పిల్లవాడికి కొత్తగా ప్రతిభ ఊడిపడలేదు. పిల్లవాడు అదే, పెన్సిలూ అదే. మారింది వాడి చూపు. అది మారింది తోటివాళ్ల మాటల వల్ల.

ఈ ఆరు ప్రతులనూ రాన్ బెర్గర్ అనే ఉపాధ్యాయుడు ఎన్నో బడుల్లో పిల్లలకు చూపించాడు. ఆయన మసాచుసెట్స్‌లో ఒక పల్లె బడిలో పాతికేళ్లకు పైగా పాఠం చెప్పినవాడు, వడ్రంగం పని కూడా చేసినవాడు. 2003లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇలాంటి మాటలకు మూడు నియమాలున్నాయి: మాట దయగా ఉండాలి, ఫలానా చోట అని వేలు పెట్టి చూపేదిగా ఉండాలి, అవతలివాళ్లకు పనికొచ్చేదిగా ఉండాలి. ఇందులో మొదటిదాన్ని మనం ఒప్పుకుంటాం, మూడోదాన్నీ ఒప్పుకుంటాం. తప్పేది రెండోదాని దగ్గర. "పోలికలు రాలే" అనే మాటకు చోటు లేదు, అది ముఖమంతటి మీదా పడుతుంది. "ఎడమ కన్ను కుడిదానికంటే పైకి ఉంది" అంటే వేలు పెట్టే చోటు దొరుకుతుంది, రబ్బరు పెట్టే చోటూ దొరుకుతుంది. ఇంకో సంగతి, వేలు పెట్టి చూపే మాటకు దయ దానంతటదే అబ్బుతుంది. ఎందుకంటే అది మనిషి మీదికి పోదు.

బాయిసీ తరగతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఫోటో. గీసిన పిల్లవాడు ఒకవైపు, చూసే పిల్లలు ఒకవైపు, మధ్యలో ఇద్దరిదీ కాని మూడో వస్తువు. అందరి చూపూ దాని మీదే. అప్పుడు నీ మాట గెలిచిందా నా మాట గెలిచిందా అనే పేచీ రాదు. రెక్క కోణంగా ఉందా లేదా అన్నది ఫోటోయే చెబుతుంది. ఆరేళ్ల పిల్ల చెప్పినా అరవై ఏళ్ల మాస్టారు చెప్పినా దాని బరువు ఒక్కటే. ఇది మనకు చాలా అవసరమైన సంగతి. మన ఇళ్లల్లో వయసుకూ వరసకూ ఉండే మర్యాద వల్ల చిన్నవాళ్లు పెద్దవాళ్ల బొమ్మ గురించి నోరు విప్పలేరు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల బొమ్మ గురించి చెప్పిందే తీర్పు అయిపోతుంది. మూడో వస్తువు మధ్యకు వస్తే మనుమరాలు కూడా "తాతా, ఫోటోలో మీసం పెదవి అంచు దాటలేదు, నువ్వు దాటించినవ్" అనగలదు. తాత మర్యాదకు ఏ లోటూ రాదు.

ఇది అమెరికా వాళ్లకే చేతనైన విద్య అనుకుంటే మన గడ్డను మనం సరిగ్గా చూడనట్టే. గద్వాల, రాజోలి, అమరచింత మగ్గాల దగ్గర ఇదే పద్ధతి మాటల్లో పెట్టకుండానే నడుస్తోంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదానితో ఒకటి మెలేసి కలిపే ఆ నేతకు కుప్పడం అని పేరు. దానికి మూడు నాడెలు ఆడాలి. అంచులో కోటకొమ్మ రావాలన్నా, మామిడి పిందె రావాలన్నా, హంస రావాలన్నా ముందు అది గ్రాఫ్ కాగితం మీద బొమ్మగా పుట్టాలి. ఇప్పుడు ఈ పని చాలావరకు కంప్యూటర్ మీదికి పోయింది గానీ గళ్ల లెక్క మాత్రం మారలేదు. గడి నింపితే పోగు లేస్తుంది, వదిలితే కింద ఉంటుంది. ఆ గళ్లను బట్టే అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు జాకార్డ్ మీదికి ఎక్కుతాయి.

ఆ గ్రాఫ్ బొమ్మకు నేతపని తెలిసినవాళ్లు చెప్పే తప్పులు ఎట్లా ఉంటాయో చూడండి. కాగితం మీద హంస మెడ అందంగా ఒకే నలుపుగా నింపి ఉంటుంది. అన్ని గళ్లు వరసగా నింపితే పోగు అంత దూరమూ ఎక్కడా పట్టు లేకుండా పైన తేలుతుంది. చీర కట్టుకున్నాక గాజుకో ఉంగరానికో తగులుకుని లేచిపోతుంది. కాబట్టి మధ్యలో ఇన్ని పోగులకొకసారి కట్టు పడాలి. పిందె కొస వంపు పెన్సిల్‌తో గీసినప్పుడు నున్నగానే ఉంటుంది, కొన్నే గళ్లలో ఇరికిస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. వంపు కావాలంటే బొమ్మ పెద్దదన్నా కావాలి, లేదా వంపే మారాలి. జాకార్డ్‌కు ఉన్న హుక్కులను దాటి బొమ్మ పోలేదు. ఇవన్నీ విమర్శలే. కఠినమైనవి కూడా. అయినా బొమ్మ వేసినతను ముఖం మాడ్చుకోడు. ఇక్కడ మధ్యలో ఉన్న మూడో వస్తువు పోగు. అది ఎవరికీ మొహమాటపడదు.

ఇందులోనే ఇంకో పాఠం ఉంది, అది వేళకు సంబంధించింది. మగ్గం దగ్గర ఈ మాటలన్నీ అట్టలు కొట్టకముందే జరగాలి. కొట్టాక దిద్దుకోవాలంటే డబ్బూ రోజులూ పోతాయి. బాయిసీలోనూ అంతే, పిల్లలు మాట్లాడింది చిత్తుప్రతి మీద. మన పెన్సిల్ బొమ్మల సంగతేమో తలకిందులుగా ఉంటుంది. వారం రోజులు ఎవరికీ చూపకుండా గీస్తాం. కనుబొమల వెంట్రుకలు కూడా ఒక్కొక్కటిగా దిద్ది, సంతకం పెట్టి, వీలైతే ఫ్రేమ్ కట్టించి అప్పుడు చూపిస్తాం. ఆ దశలో ఎవరైనా "తల కాస్త పొట్టిగా ఉంది" అంటే దాన్ని ఏం చేసుకోవాలి? చెప్పింది నిజమే అయినా అది గాయంగా తప్ప సాయంగా మిగలదు. గీసేవాళ్లలో చాలామంది నెత్తిని కోసేసి కళ్లను పైకి ఎక్కిస్తారు. నిజానికి నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యన, కాస్త అటూఇటూగా, కళ్లుంటాయి. ఈ ఒక్క మాట పలుచటి గీతల దశలో చెబితే సరిపోతుంది, 6బీ పెన్సిల్‌తో జుట్టు నింపాక చెబితే బొమ్మంతా పోతుంది.

సాహిత్యంలో మన సంస్థానాలకు వేలు పెట్టి తప్పు చూపే అలవాటు బలంగా ఉండేది. పండితులను పిలిచి సభలు జరిపినందుకే గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు నిలిచింది. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలూ కవులను ఆదరించాయి. అక్కడ పద్యం చదివితే యతి తప్పిందనో గణం చెడిందనో ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఛందస్సు అందరికీ ఒకటే కాబట్టి అది అక్కడి మూడో వస్తువు. కాకపోతే ఆ సభల్లో గెలుపోటములుండేవి, సన్మానం ఉండేది, పదిమందిలో తలవంపులూ ఉండేవి. ఉద్దండులకు అది సరిపోతుంది. మొన్ననే పెన్సిల్ పట్టిన మనిషికి సరిపోదు. సభ నుంచి ఛందస్సు లాంటి ఉమ్మడి కొలతను తీసుకుని, పందేన్ని వదిలిపెట్టాలని నేనంటాను.

విమర్శను అందుకోవడం ఎట్లాగో చూపినవాడు కూడా మన గడ్డ మనిషే. సురవరం ప్రతాపరెడ్డి గారి సొంతూరు ఇటిక్యాలపాడు, గద్వాల జిల్లాలోది. నిజాం రాజ్యపు తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన ఊరూరి కవుల పద్యాలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. వచ్చిన మాట గాలిలో ఉంది, వేలు పెట్టడానికి చోటు లేనిది. ఆయన దాన్ని లెక్కపెట్టి చూసుకోగలిగే చోటికి తెచ్చారు. "నీకు బొమ్మలు గీయడం రాదు" అనే మాట పడ్డ ఎవరికైనా ఇది పనికొస్తుంది. ఏ బొమ్మలో, ఎక్కడ, ఏ గీత అని అడిగి దాన్ని నేలకు దించాలి. దిగితే దిద్దుకోవచ్చు, దిగకపోతే దాన్ని మోయనక్కర్లేదు.

ఇంతవరకూ ఫోటోను మెచ్చుకున్నాను గానీ దానికి ఒక హద్దుంది. మన ఊళ్లలో కొత్తగా నేర్చేవాళ్లు ఎక్కువగా ఫోటో మీద గళ్లు గీసుకుని, కాగితం మీద అవే గళ్లు పెద్దవి చేసుకుని, గడి గడినీ దించుతారు. పోలిక వస్తుంది. కానీ దాని మీద వచ్చే విమర్శ "కలిసింది, కలవలేదు" అన్న దగ్గరే ఆగిపోతుంది. గీసినవాళ్లకు వెలుగూ నీడా ఎట్లా పనిచేస్తాయో తెలియదు, ఎందుకంటే ఆ పని కెమెరా చేసేసింది. దీనికి మందు నూటయాభై ఏళ్లకు ముందే ఒకాయన చెప్పాడు. 1854లో లండన్‌లో శ్రామికుల కోసం వర్కింగ్ మెన్స్ కాలేజీ పెట్టారు. జాన్ రస్కిన్ అక్కడ సాయంత్రాలు డ్రాయింగ్ చెప్పేవాడు. పగలంతా పనిచేసి వచ్చిన చేతివృత్తుల మనుషులే ఆయన విద్యార్థులు. వాళ్లను చిత్రకారులుగా మార్చడం తన ఉద్దేశం కాదని, వడ్రంగి వడ్రంగిగానే మరింత సంతోషంగా ఉండేలా చూడడమే తన పని అని ఆయన ఒక ప్రభుత్వ విచారణ సంఘం ముందే చెప్పాడు. ఊళ్లో సరదాగా పెన్సిల్ పట్టే మనందరికీ ఇంతకన్నా గౌరవమైన లక్ష్యం నాకు కనబడదు.

1857లో ఆయన మొదలుపెట్టేవాళ్ల కోసం డ్రాయింగ్ పుస్తకం రాశాడు, ఉత్తరాల రూపంలో. అందులో ఒక అభ్యాసం: బయటికి పోయి, మరీ తెల్లగా గానీ మరీ నల్లగా గానీ లేని ఒక గుండ్రటి రాయిని తెచ్చుకుని గీయండి అంటాడు. మనకు రాళ్లకేం కొదువ. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, సోమశిల దగ్గర నీళ్లు తగ్గినప్పుడు కావలసినన్ని. ఒక రాయిని కిటికీ పక్కన బల్ల మీద పెట్టి నలుగురు నాలుగు వైపుల నుంచి గీస్తే, ఆ తర్వాత జరిగే మాటలు "పోలికలు రాలే" దగ్గర ఆగవు. రాయి చుట్టూ నల్లటి గీత గీశావు, రాయికి అట్లాంటి గీత ఉందా? వెలుగు పడ్డ అంచు వెనక ఉన్న గోడలో కలిసిపోతోంది కదా. అన్నిటికన్నా చిక్కటి నీడ రాయి చివరి అంచున లేదు, కాస్త లోపల ఉంది, అంచున బల్ల మీది వెలుగు తిరిగి తగులుతోంది. ఇట్లా నలుగురూ ఒక రాయిని గంటసేపు చూస్తే ఒకరికొకరు పాఠం చెప్పుకున్నట్టే. ముఖం అయితే మనసు నొచ్చుకుంటుంది, అది మన నానమ్మ ముఖం కాబట్టి. రాయి బాగా రాలేదంటే ఎవరికీ బాధ ఉండదు. రాయితో మాటలు అలవాటయ్యాక అలంపురం పోయి నవబ్రహ్మ ఆలయాల శిల్పాల ముందు కూర్చోవచ్చు. వాటి మీద పదమూడు వందల ఏళ్లుగా వెలుగూ నీడా పడుతూనే ఉన్నాయి.

రాయి ఎదురుగా ఉంది కాబట్టి మాట తేలిక. బొమ్మ మనసులోంచి వచ్చినప్పుడు ఏం చేయాలి? అప్పుడు మూడో వస్తువు గీసినవాళ్ల తలపే. దాన్ని విమర్శించేవాళ్లు తెలుసుకోకపోతే పెద్ద పెద్దవాళ్లు కూడా తప్పు చేస్తారు. నందలాల్ బోస్ తపస్సు చేసే ఉమను చిత్రించి తన గురువు అవనీంద్రనాథ్ ఠాకూర్‌కు చూపించాడు. రంగులు మరీ తక్కువగా ఉన్నాయి, కాస్త అలంకరణ ఉంటే బాగుంటుందని గురువు సలహా చెప్పాడు. రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తపస్సులో ఉన్న ఉమకు అలంకరణ ఎక్కడిది? శిష్యుడు చూసింది తను చూడలేదని అర్థమై తెల్లవారగానే పరుగున వెళ్లి చిత్రాన్ని ముట్టుకోవద్దని ఆపాడు. ఆ సంగతిని ముసలితనంలో తన జ్ఞాపకాల్లో ఆయనే చెప్పుకున్నాడు. ఆ స్థానంలో ఉన్న గురువు తన మాటను వెనక్కి తీసుకోవడానికి శిష్యుడి దగ్గరికి పరుగెత్తడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. బొమ్మ మీద మాట అనేవాళ్లకు ఆ మాట బాధ్యత కూడా ఉంటుంది.

ముందే అడిగితే ఆ రాత్రి నిద్ర మిగిలేదేమో. అమెరికన్ నృత్యకారిణి లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతిలో అభిప్రాయం అన్నిటికన్నా చివర వస్తుంది, అదీ కళాకారుల అనుమతితో. అంతకుముందు కళాకారులు ప్రశ్నలు వేస్తారు, చూసేవాళ్లూ తీర్పు లేని ప్రశ్నలు అడుగుతారు. మన ఇళ్లల్లో ఇది చాలా సులభం. "ఇందులో ఏం చూపించాలనుకున్నవ్ బిడ్డా?" అని ముందు అడిగి, ఆ తర్వాత "ఒక మాట చెప్పాల్నా?" అంటే చాలు.

గీసేవాళ్ల వైపు నుంచి కూడా ఇదే. "ఎట్లుంది?" అని అడిగితే "మంచిగుంది" తప్ప ఇంకేం వస్తుంది? "రెండు కళ్లూ ఒకే గీత మీద ఉన్నాయా, చూడవా?" అని అడిగితే చదువురాని అమ్మమ్మ కూడా నిక్కచ్చిగా చెబుతుంది. మనుషుల ముఖాలను ఆమె మనకన్నా ఎక్కువ చూసింది. ఎవరూ దగ్గర లేనప్పుడు బొమ్మను అద్దంలో చూసుకోవాలి. లియొనార్డో ఇచ్చిన సలహా అది. అలవాటైన కంటికి దాగిన వంకర, తిరగబడగానే బయటపడుతుంది. ఇంకొకటి, మొదటి ప్రతిని చెరపకూడదు, చింపకూడదు. కొత్త కాగితం తీసుకోవాలి. ఆస్టిన్ మొదటి బొమ్మను దాచకపోయి ఉంటే ఆరో బొమ్మ విలువ ఎవరికీ తెలిసేది కాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆగస్టు 15కూ జనవరి 26కూ బడుల్లో డ్రాయింగ్ పోటీలు పెడతారు. గంట టైమిస్తారు, కాగితాలు తీసుకుంటారు, ముగ్గురికి బహుమతులిస్తారు. మిగతా కాగితాలు కట్టగట్టి బీరువాలో పెడతారు. బహుమతి రాని పిల్లకు ఎందుకు రాలేదో తెలియదు, వచ్చిన పిల్లకు ఎందుకు వచ్చిందో తెలియదు. పోటీని మాననక్కర్లేదు. ఒకే బొమ్మ, రెండు గంటలు, మధ్యలో వారం గడువు అని మారిస్తే చాలు. మొదటి గంట అయ్యాక పిల్లలను జతలుగా కూర్చోబెట్టి, చూసి గీసిన వస్తువును వాళ్ల మధ్య పెట్టి, ఒకరి బొమ్మలో ఒకరు ఒక్క చోటు మాత్రమే చూపించమనాలి. వారం తర్వాత అదే వస్తువును మళ్లీ గీయించాలి. గోడకు రెండు ప్రతులూ పక్కపక్కన అంటించాలి. బహుమతి ఇవ్వదలిస్తే, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎక్కువ దూరం నడిచిన చేతికి ఇవ్వాలి, దానితో పాటు ఆ చోటును చూపించిన జత పిల్లకు కూడా.